గుండు ఎంతసేపట్లో అవుతుంది?

ఆదివారం పొద్దున, బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మా ఇల్లు. నాన్న హాల్లో స్పీకర్ ఆన్ చేసి, మైసూరులో పీయూసీ చదివే మా అక్క కొడుకు చింటూకి ఫిజిక్స్ చెప్తున్నారు. వంటింట్లో మిక్సీ ఆగినప్పుడల్లా అమ్మ చెవిన పడ్డ ముక్కలు ఇవీ: "గుండు... సెకనులో వెయ్యో వంతులో అయిపోతుందిరా... లోపల గాట్లు పెడతారు..."

అమ్మ: ఇన్నాళ్లకి బుద్ధి పుట్టింది! తిరుపతిలో మా చెల్లికి ఫోన్ చేసి చెప్పేశా, శుక్రవారం వస్తున్నామని.

నాన్న: ఎవరు?

అమ్మ: మీరూ, మీ తలకాయా. ముందే చెప్తున్నా, గాట్లు పడనివ్వకండి. మీకసలే షుగరు.

నాన్న: అది తుపాకీ గుండే!

అమ్మ: మొక్కుకి తుపాకీ ఎందుకండీ?

(నాన్న కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు గుండ్లు పేల్చారు. ఆ ఐదింటి కథ వినని చుట్టం మాకు లేడు. అమ్మ దగ్గర మాత్రం ఆ కథ ఎప్పుడూ రెండో గుండు దాటలేదు.)

నాన్న: విను. ఏకే 47 గొట్టం పొడవు 415 మిల్లీమీటర్లు. మూరెడు కూడా లేదు. ఆ కాస్త దూరంలో గుండు సున్నా నుంచి సెకనుకి 715 మీటర్ల వేగానికి వెళ్లాలి. చింటూ, త్వరణం ఎంతరా?

చింటూ (ఫోన్‌లోంచి): సుమారు 6 లక్షలు తాతా!

అమ్మ: గుండుకి ఆరు లక్షలా! కల్యాణకట్టలో ఊరికే చేస్తారు కదరా!

నాన్న: డబ్బులు కాదే! భూమి లాగే దానికి 60 వేల రెట్లు. అదీ సరాసరి. మందు అంటుకోగానే గ్యాసు పుట్టి పీడనం ఒక్కసారిగా లేస్తుంది. గుండు కాస్త కదిలేసరికే ఆ పీడనం పైకంటా వెళ్లి, అక్కణ్ణుంచి పడిపోతుంది. కానీ వేగం గొట్టం చివరిదాకా పెరుగుతూనే ఉంటుంది.

అమ్మ: అది పడిపోతుంటే ఇది పెరగడమేమిటి?

నాన్న: తగ్గేది తోసే బలం. తగ్గినా తోస్తూనే ఉంది కదా, అందుకని వేగం పెరుగుతుంది.

అమ్మ: మూడేళ్లుగా నేనూ తోస్తూనే ఉన్నాను. మీరు సోఫా మీంచి గుమ్మం దాకా కూడా రాలేదేం?

నాన్న: గుండు 8 గ్రాములు. నేను 84 కిలోలు.

అమ్మ: నిన్న పక్కింట్లో తిన్న మైసూర్‌పాక్ కలిపారా, విడిగానా?

నాన్న (ఫోన్ వైపు తిరిగి): గొట్టం లోపలి ఆ గాట్లు మెలికలుగా ఉంటాయిరా. అందుకే గుండు బయటికొచ్చేటప్పుడు సెకనుకి 3,000 చుట్లు తిరిగే ఊపులో ఉంటుంది. అలా తిరగబట్టే దారి తప్పదు.

అమ్మ: మూడు వేల ప్రదక్షిణలా! మీ మోకాళ్లకి మూడు చాలు.

నాన్న: రాజ్యం, నేను గుండు చేయించుకోను!

అమ్మ: చేయించుకోకండి. లోపల మీకు స్టెంట్ వేస్తుంటే బయట బెంచీ మీద కూచుని మొక్కింది నేను. గుండె నిలబెట్టు స్వామీ, గుండు ఇప్పిస్తానని.

(కాసేపు ఫ్యాన్ చప్పుడు.)

నాన్న: నీ జుట్టు మొక్కుకోవచ్చుగా?

అమ్మ: నావి మూడు కత్తెరలు అప్పుడే ఇచ్చొచ్చాను. బాకీ మీదే. ఇంకో ఏడాది ఆగితే మీ దగ్గర ఇవ్వడానికేమీ మిగలదు. అసలు రాలిపోయి, వడ్డీ మిగిలింది.

నాన్న: అంతదూరం బస్సులో కూచోలేనే. అదే గుండయితే, గాలి అడ్డం రాకపోతే ఆరు నిమిషాల్లో తిరుపతి.

అమ్మ: గాలి దాకా ఎందుకు, ముందు కేఆర్ పురం బ్రిడ్జి అడ్డొస్తుంది. వచ్చేటప్పుడు ఆ బ్రిడ్జి దాటేసరికి మీ గుండు మీద మళ్లీ జుట్టు మొలుస్తుంది.

చింటూ: తాతా, ఆన్సర్ ఏం రాయను?

అమ్మ: ఆరు లక్షలు రాసుకోరా. పక్కన ఏవో రాస్తారుగా, మీటర్లూ సెకన్లూ, అవి మీ తాతనడుగు. (లోపలికెళ్లి బీరువా తెరుస్తూ) మంకీ క్యాప్ సంచీలో పెడుతున్నా. కొండ మీద కొత్త గుండుకి చలేస్తుంది.

నాన్న: ఆ ఎర్రది వద్దు.

అమ్మ: ఎర్రదే పెట్టాను. జనంలో తప్పిపోతే కనపడాలిగా.

నాన్న: కిటికీ సీటు నాకు.