‘గోడ దూకితే కథ కంచికే’నా? గ్రూపుల్లో తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడుగుతారన్నది తప్ప పనికొచ్చే కబురు రావడం అరుదు. మొన్న మాత్రం ఒకే ఫార్వర్డ్ పొద్దున్నుంచి మూడుసార్లు వచ్చి పడింది. సాయంత్రానికి అదే చిన్ననాటి స్నేహితుల గ్రూపులో, రాత్రికి గుంటూరు చుట్టాల గ్రూపులో. పేరు ‘గోడ దూకిన ఎమ్మెల్యే గతి’. పైన పులి బొమ్మ ఎందుకు పెట్టారో నాకు అంతు పట్టలేదు.

అందులో ఉన్న సంగతి ఇదీ. పార్టీ మారిన రోజే ఎమ్మెల్యే పదవి ఊడిపోతుంది. అనర్హత పడ్డవాడు ఆరేళ్లు పోటీ చేయకూడదు. మూడో వంతు మంది కలిసి వెళితే చట్టం ముట్టుకోదు, 23 మంది అలాగే తప్పించుకున్నారు. కండువా కప్పుకోకపోతే పార్టీ మారినట్టు కాదు. ఇక చివరగా, చట్టం వదిలేసినా కృష్ణా, గుంటూరు ఓటరు మాత్రం వదలడు, గోడ దూకినవాడి రాజకీయ జీవితం అంతటితో సరి.

ఆ చివరి మాటకు చప్పట్ల బొమ్మలు బాగా పడ్డాయి. మొదటి నాలుగూ తప్పులు. ఐదోది ఒంటికాలి మీద నిలబడుతుంది. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది, మారిన రోజే పదవి పోతుందన్నది. రాజ్యాంగం పదో షెడ్యూలు 1985లో 52వ సవరణతో వచ్చింది. సొంత పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినా సభ్యుడు అనర్హుడవుతాడని అందులో ఉంది. కానీ ఆ మాట తేల్చాల్సింది స్పీకర్. ఎవరో ఒకరు పిటిషన్ పెట్టాలి, స్పీకర్ నోటీసు ఇవ్వాలి, విచారించాలి, ఉత్తర్వు రాయాలి. ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు ఆ షెడ్యూలులో ఎక్కడా లేదు. కథంతా ఆ ఒక్క ఖాళీలోనే నడుస్తుంది.

మన కళ్ల ముందు జరిగిందే చూడండి. 2014లో వైసీపీ నుంచి గెలిచిన 67 మందిలో 23 మంది మెల్లమెల్లగా టీడీపీ వైపు వెళ్లారు. బెజవాడ పశ్చిమం నుంచి జలీల్‌ఖాన్ గారు 2016లో వెళ్లారు.  ఆ వెళ్లినవాళ్లలో నలుగురు 2017 ఏప్రిల్‌లో ఏకంగా మంత్రులయ్యారు. అప్పటి స్పీకర్ కోడెల శివప్రసాదరావు గారు మన సత్తెనపల్లి ఎమ్మెల్యేనే. పిటిషన్లు ఆయన దగ్గరే ఉన్నాయి. వేటు వేసేదాకా సభకు రామని వైసీపీ 2017 చివర్లో అసెంబ్లీ మెట్లెక్కడం మానేసింది. అయినా సభ గడువు తీరేదాకా ఒక్కరి పదవీ పోలేదు.

సరే, అది ఒక పార్టీ పాపం అనుకుందాం. 2019లో ప్రభుత్వం మారింది. ఎవరైనా మా వైపు రావాలంటే రాజీనామా చేసి రావాల్సిందేనని కొత్త ముఖ్యమంత్రి జగన్ గారు నిండు సభలో చెప్పారు. విన్నప్పుడు నాకూ ముచ్చటేసింది. ఆ ఏడాది తిరగకముందే గన్నవరం ఎమ్మెల్యే వల్లభనేని వంశీ, గుంటూరు పశ్చిమ ఎమ్మెల్యే మద్దాలి గిరి టీడీపీకి దూరంగా, ప్రభుత్వానికి దగ్గరగా జరిగారు. ఇద్దరూ రాజీనామా చేయలేదు. వాళ్లపై అనర్హత ఉత్తర్వు వచ్చింది 2024 ఫిబ్రవరి ఆఖర్లో. మరో మూడు వారాలు తిరక్కుండానే ఎన్నికల షెడ్యూలు కూడా వచ్చింది. అంటే నాలుగేళ్లకు పైగా పదవి అనుభవించాక, ఇక అనుభవించడానికి ఏమీ మిగలని రోజున పడిన వేటు అది. భోజనాలయ్యాక విస్తరి లాగేసినట్టు.

అదే రోజు అదే స్పీకర్ తమ్మినేని సీతారాం గారు రెండు వైపులవాళ్లనూ కలిపి మొత్తం ఎనిమిది మందిని ఇంటికి పంపారు. వైసీపీ వైపు నలుగురిలో తాడికొండ ఎమ్మెల్యే ఉండవల్లి శ్రీదేవి గారు ఉన్నారు. 2023 మార్చిలో ఎమ్మెల్యేలు ఓటేసే ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. టీడీపీ తరఫున బెజవాడ మాజీ మేయర్ పంచుమర్తి అనురాధ గారు 23 ఓట్లతో గెలిచారు. అప్పటికి టీడీపీ చేతిలో గట్టిగా ఉన్నవి 19. మిగతా నాలుగూ ఎక్కడివన్న లెక్కలో వైసీపీ సస్పెండ్ చేసిన నలుగురిలో ఆవిడ ఒకరు. ఆ నలుగురి విషయం ఏడాదిలోపే తేలింది, వంశీ, గిరి గార్లది నాలుగేళ్లు పట్టింది. ఎవరి పిటిషన్ ఎంత వేగంగా కదులుతుందో చెప్పేది చట్టం కాదు, స్పీకర్ గారి బల్ల.

రాజీనామాకూ ఇదే తీరు. విశాఖ ఉక్కు కోసమని 2021లో గంటా శ్రీనివాసరావు గారు ఇచ్చిన రాజీనామా ఆమోదం పొందింది 2024 జనవరిలో. పోతానన్నవాణ్ని పోనివ్వడానికే మూడేళ్లు పట్టిన చోట, పోనన్నవాణ్ని పంపడానికి ఎంత పడుతుంది?

కోర్టులు ఊరుకున్నాయా అంటే, పూర్తిగా ఊరుకోలేదు. స్పీకర్ ఉత్తర్వును కోర్టులు సమీక్షించవచ్చని 1992లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో చెప్పింది. 2025 జులైలో తెలంగాణ స్పీకర్‌కూ పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల గడువే పెట్టింది. కోర్టు అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటేనే ‘మారిన రోజే’ అన్న మాట ఎంత గాలిమాటో తెలియడం లేదూ?

రెండోది, ఆరేళ్ల నిషేధం. ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో నేను ఊహించగలను. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ కింద, ఫలానా నేరాల్లో శిక్షపడితే విడుదలయ్యాక కూడా ఆరేళ్లు పోటీ చేయకూడదు. ఫార్వర్డ్ రాసినాయన ఆ ఆరేళ్లను తెచ్చి ఇక్కడ అతికించాడు. ఫిరాయింపు కింద అనర్హత పడితే పోయేది ఆ సభలో ఆ సీటు మాత్రమే. మళ్లీ గెలిచేదాకా, లేదా ఆ సభ గడువు తీరేదాకా మంత్రి పదవి ఇవ్వకూడదు. అంతే. 2019లో కర్ణాటకలో 17 మందిపై వేటు వేసిన స్పీకర్, సభ గడువు తీరేదాకా పోటీయే చేయకూడదని కూడా రాశారు. సుప్రీంకోర్టు వేటును సమర్థించి, ఆ నిషేధాన్ని కొట్టేసింది. నెల తిరక్కుండానే వాళ్లలో చాలామంది ఉప ఎన్నికల్లో గెలిచి వచ్చారు. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో వేటు పడిన ఆనం రామనారాయణరెడ్డి గారు, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి గారు మేలో టీడీపీ తరఫున నిలబడి గెలిచారు. ఆనం గారు మంత్రి కూడా అయ్యారు. ఆరేళ్లు కాదు, మూడు నెలలు.

మూడోది నాకు నచ్చిన అబద్ధం, ఎందుకంటే లెక్క భలే కుదిరింది. 67లో మూడో వంతు 22 దాటుతుంది, కాబట్టి 23 సరిపోతుంది! కానీ మూడో వంతు చీలితే వదిలేసే ఆ వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండు వంతులు విలీనానికి ఒప్పుకుంటేనే ఇప్పుడు రక్షణ. 67లో అది 45. ఆ 23 మందిని కాపాడింది వంతుల లెక్క కాదు, స్పీకర్‌కు గడువు లేని ఆ ఖాళీయే. అసలైన విలీనం ఎలా ఉంటుందో 2011లో చూశాం. ప్రజారాజ్యం మొత్తంగా కాంగ్రెస్‌లో కలిసింది. 2009లో రైలింజన్ గుర్తుపై గెలిచిన బెజవాడ పశ్చిమం ఎమ్మెల్యే వెల్లంపల్లి శ్రీనివాస్ గారు ఒక్క అడుగూ దూకకుండానే కాంగ్రెస్ ఎమ్మెల్యే అయిపోయారు.

నాలుగోదానికి రెండు ముక్కలు చాలు. కండువా ఒక్కటే సాక్ష్యం కాదు, ప్రవర్తనా సాక్ష్యమే. సభ్యత్వం వదులుకోవడమంటే రాజీనామా పత్రం ఇవ్వడమొక్కటే కాదు, నడవడికను బట్టి కూడా నిర్ణయించవచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీయే బయటికి గెంటేస్తే స్వేచ్ఛ వచ్చినట్టేగా అంటారా, అదీ లేదు. గెలిపించిన పార్టీ సభ్యుడిగానే సభలో లెక్క అని 1996 తీర్పు. మెళ్లో కండువా లేకుండా ఫొటోలు దిగడం మనవాళ్ల అతి తెలివి. నాలుగేళ్లు పనిచేసింది కూడానూ, కానీ పనిచేసింది కండువా లేకపోవడం వల్ల కాదు.

ఇక ఐదోది. ఓటరు వదలడు అన్నది.

ఈ మాట అనేవాళ్లు 2019నే చూపిస్తారు. 23 మందిని లాక్కున్న పార్టీకి మే 23న సరిగ్గా 23 సీట్లే వచ్చాయి, దేవుడి స్క్రిప్టు అని అప్పట్లో జగన్ గారే అన్నారు. ఒప్పుకుంటాను, దూకినవాళ్లలో చాలామంది కొట్టుకుపోయారు. జలీల్‌ఖాన్ గారు తాను తప్పుకుని కూతుర్ని నిలబెడితే ఆవిడా అప్పటికి వైసీపీలో ఉన్న వెల్లంపల్లి చేతిలో ఓడారు. కానీ ఆ ఏడాది దూకనివాళ్ల సంగతేమిటి? టీడీపీని అంటిపెట్టుకున్న దేవినేని ఉమ మైలవరంలో ఓడారు. మా బెజవాడ సెంట్రల్‌లో టీడీపీ బొండా ఉమ 25 ఓట్లతో ఓడారు. ఇరవై ఐదు. మా వీధిలో పెళ్లికని ఊరెళ్లి ఓటెయ్యనివాళ్లే అంతకంటే ఎక్కువ ఉంటారు. 102 నుంచి 23కు పడిపోయిన పార్టీలో విశ్వాసపాత్రులూ మునిగారు, వలస పక్షులూ మునిగారు. దాన్ని వలసకు శిక్ష అనడమెలా? ఆ గాలిలోనే వైసీపీ నుంచి వచ్చిన గొట్టిపాటి రవికుమార్ గారు అద్దంకిలో టీడీపీ తరఫున గెలిచి కూర్చున్నారు. ఇప్పుడాయన మంత్రి.

2024లో గాలి తిరిగింది. టీడీపీ కూటమికి 175లో 164. మైలవరంలో ఉమ గారిని 2019లో ఓడించిన వసంత కృష్ణప్రసాద్ గారు వైసీపీ ఎమ్మెల్యేగా ఉంటూనే ఎన్నికల ముంగిట, మార్చిలో టీడీపీలో చేరారు. టికెట్ ఆయనకే వచ్చింది, గెలిచారు. ఎన్నేళ్లుగానో జెండా మోసిన ఉమ గారికి అసలు టికెట్టే లేదు. పెనమలూరు వైసీపీ ఎమ్మెల్యే కొలుసు పార్థసారథి గారు నూజివీడు వెళ్లి టీడీపీ తరఫున గెలిచి మంత్రయ్యారు. మైలవరం, నూజివీడు చంద్రమండలంలో లేవు కదా. అక్కడి జనమూ ఈ ఫార్వర్డే చదివి చప్పట్లు కొట్టి ఉంటారు.

నా లెక్కలో ఎమ్మెల్యే జీవితం ముగిసేది బూత్‌లో కన్నా ముందు టికెట్ల గదిలో. మద్దాలి గిరి గారి విషయంలో గుంటూరు పశ్చిమ ఓటరు ఏమనుకున్నాడో మనకెవరికీ తెలియదు, ఎందుకంటే ఓటరును అడగలేదు. వైసీపీ ఆయన్ని పక్కనపెట్టి చిలకలూరిపేట నుంచి విడదల రజిని గారిని తెచ్చింది. ఆవిడ టీడీపీ గళ్లా మాధవి గారి చేతిలో ఓడారు. అటు తాడికొండలో శ్రీదేవి గారు వెళ్లిన పార్టీ గెలిచింది, కానీ ఆవిడకు టికెట్ లేదు. మా సెంట్రల్‌లో 2019లో ఆ 25 ఓట్లతో గెలిచిన వైసీపీ మల్లాది విష్ణు గారు గెలిచాక ఎటూ దూకలేదు. అయినా 2024లో ఆయన సీటు పశ్చిమం నుంచి వచ్చిన వెల్లంపల్లి గారికి వెళ్లింది. వెల్లంపల్లి గారూ ఓడారు. దూకినవాళ్లకూ దూకనివాళ్లకూ ఒకే గది, ఒకే తలుపు.

పార్టీలు మారడాన్నంతా ఒకే గాటన కట్టడం ఈ ఫార్వర్డ్ చేసిన ఇంకో తప్పు. కన్నా లక్ష్మీనారాయణ గారు పెదకూరపాడులో నాలుగుసార్లు, గుంటూరు పశ్చిమలో ఒకసారి కాంగ్రెస్ తరఫున గెలిచారు. తర్వాత బీజేపీకి రాష్ట్ర అధ్యక్షుడయ్యారు, 2023లో టీడీపీకి వచ్చి మరుసటేడు సత్తెనపల్లిలో గెలిచారు. మారిన రెండుసార్లూ ఆయన ఎమ్మెల్యే కాదు. ఆయన్ని తిట్టదలిస్తే తిట్టండి, పదో షెడ్యూలు పేరుతో మాత్రం కుదరదు. అటు వంగవీటి రాధా గారు 2004లో కాంగ్రెస్ తరఫున బెజవాడ తూర్పులో గెలిచాక ప్రజారాజ్యం, వైసీపీ, టీడీపీ తిరిగారు. మళ్లీ గెలుపు అందలేదు. అదే తూర్పులో గద్దె రామ్మోహన్ గారు టీడీపీ గుర్తుపైనే 2014, 2019, 2024 మూడూ గెలిచారు. ఫార్వర్డ్ పంపినవాళ్లు ఈయన్ని చూపిస్తే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆయన మొదటిసారి అసెంబ్లీకి వెళ్లింది 1994లో, టీడీపీ ప్రభంజనంలో, గన్నవరంలో ఇండిపెండెంటుగా.

గన్నవరం అన్నాను కాబట్టి గ్రూపులో నేనడిగిన ప్రశ్న ఇక్కడా పెడతాను. 2019లో అక్కడ టీడీపీ వంశీ గారు వైసీపీ యార్లగడ్డ వెంకట్రావు గారిపై వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో గెలిచారు. తర్వాత వంశీ గారు వైసీపీ వైపు వచ్చారు, యార్లగడ్డ గారు టీడీపీకి వెళ్లారు. 2024లో మళ్లీ వాళ్లిద్దరే, కండువాలు మాత్రం అటుదిటు. ఈసారి యార్లగడ్డ గారు 37 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ఇద్దరూ పార్టీ మారినవాళ్లే. మరి గన్నవరం ఓటరు ఎవరి గోడదూకుడుకు శిక్ష వేసినట్టు?

పెట్టి నాలుగు రోజులైంది. ఫార్వర్డ్ పంపిన పెద్దాయన చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి. మర్నాడు పొద్దున ఆయన దగ్గర్నుంచి గులాబీ పువ్వుతో శుభోదయం వచ్చింది.