సునాక్ ఓడింది ఎవరి ఓట్లతో?

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "కళ్లు తెరిపించే నిజం, పది మందికీ పంపండి" అంటూ స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: 2022లో బ్రిటన్ ప్రజలు ఒంటి రంగు చూసే రిషి సునాక్‌ను ఓడించి లిజ్ ట్రస్‌ను గెలిపించారట. ఆయన గోపూజ చేయడం వాళ్లకు నచ్చలేదట. ఆర్థిక వ్యవస్థ తలకిందులయ్యాక అదే జనం లెంపలేసుకుని ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నారట. కాబట్టి అక్కడున్న మన పిల్లలు రాజకీయాల జోలికి పోకూడదట, మనవాళ్లకు ఎలాగూ ఓటు లేదట. పంపుతున్నవాళ్లలో లండన్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. నా చిరాకంతా అందుకే.

"బ్రిటన్ ప్రజలు" ఆ ఎన్నికలో ఓటే వేయలేదు. అది అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ తన కొత్త నాయకుణ్ణి ఎంచుకున్న ఎన్నిక, గెలిచినవాళ్లే ప్రధాని. ముందు ఎంపీలు ఇద్దర్ని మిగులుస్తారు, వాళ్లలో ఒకర్ని సభ్యులు ఎంచుకుంటారు. చివరి ఓటు ఉన్నది ఆ పార్టీ సభ్యులకు, 1,72,437 మందికి. ఆంధ్రాలో, తెలంగాణలో చాలా అసెంబ్లీ నియోజకవర్గాల్లో అంతకంటే ఎక్కువ మంది ఓటర్లున్నారు. ట్రస్‌కు 81,326 ఓట్లు వచ్చాయి, సునాక్‌కు 60,399. అంతకుముందు ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113. అంటే రోజూ దగ్గర నుంచి చూసే ఎంపీల్లో ఆయనే ముందున్నాడు, సభ్యుల దగ్గరికి వచ్చేసరికి వెనకబడ్డాడు. ఆలోచించాల్సింది ఆ తేడా గురించి. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

గోపూజ వీడియో వచ్చింది ఆగస్టులో. సభ్యుల సర్వేల్లో ట్రస్ జులైలోనే ముందుంది. ఆ ముక్క అక్కడితో సరి.

మరి సభ్యులు ట్రస్ వైపు ఎందుకు మొగ్గారు? ఒకటి, అప్పటిదాకా ప్రధానిగా ఉన్న బోరిస్ జాన్సన్. ఆయన ఎంపీలకు బరువైపోయాడు గానీ సభ్యుల్లో చాలామందికి అప్పటికీ అభిమాన నాయకుడే. జులై 5న ఆర్థిక మంత్రి పదవికి రాజీనామా చేసి ఆ పతనానికి తలుపు తీసినవాళ్లలో సునాక్ ఒకడు. ట్రస్ చివరిదాకా మంత్రివర్గంలోనే ఉంది. జాన్సన్‌ను జూలియస్ సీజర్‌గా, వెనక కత్తి పట్టుకున్నవాడిగా సునాక్‌ను చూపించే బొమ్మను మంత్రి నడీన్ డోరిస్ ట్విట్టర్‌లో పంచుకున్నారు. సొంత పార్టీ మంత్రే అలా చేస్తే కింది సభ్యుల మనసులో ఏముంటుంది?

రెండోది, ఇంకా పెద్దది, పన్నులు. ఆ పార్టీ సభ్యులకు తక్కువ పన్నులంటే ఒక నమ్మకం, దాదాపు మతం. సునాక్ ఆర్థిక మంత్రిగా నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద పడే ఒక పన్నులాంటి కోత) పెంచాడు, కంపెనీల లాభాల మీద వేసే కార్పొరేషన్ పన్నును 19 నుంచి 25 శాతానికి పెంచే ప్రణాళిక ఆయనదే. ద్రవ్యోల్బణం పది శాతం దాటుతున్న ఆ వేసవిలో ఆయన చెప్పిందల్లా ముందు ధరలు అదుపులోకి రావాలి, పన్ను కోతలు తర్వాత అని. ట్రస్ మొదటి రోజు నుంచే తగ్గిస్తానంది. ఆయన లెక్క చెప్పాడు, ఆమె వాళ్లు వినాలనుకున్నది చెప్పింది. పైగా వెనకబడ్డానని తెలిశాక కరెంటు, గ్యాస్ బిల్లులపై వ్యాట్ ఏడాదిపాటు ఎత్తేస్తానని ఆయనా మాట మార్చాడు. చూసేవాళ్లకు అది తడబాటుగానే కనిపించింది. ఇంకో మాట. 2016 రెఫరెండంలో సునాక్ బ్రెగ్జిట్‌కు, అంటే ఐరోపా యూనియన్ నుంచి బయటికి రావడానికి, ఓటేశాడు, ట్రస్ ఐరోపా యూనియన్‌లో ఉండాలంది. అయినా బ్రెగ్జిట్ కోరిన సభ్యులు ఆమెనే ఎంచుకున్నారు. ఎవరు తమ మాట మాట్లాడుతున్నారన్నదే వాళ్లు చూశారు.

ఇది కొత్తేమీ కాదు. 2001లో ఇదే పార్టీ నాయకత్వ పోటీలో ఎంపీల ఓట్లలో కెన్ క్లార్క్ ముందున్నాడు. ఐరోపా మీద తమలాగే ఆలోచించే ఇయాన్ డంకన్ స్మిత్‌ను సభ్యులు భారీ తేడాతో గెలిపించారు. ఇద్దరూ తెల్లవాళ్లే.

"బతిమాలి తెచ్చుకున్నారు" అన్నది మరీ విడ్డూరం. ట్రస్ చెప్పినట్టే పన్నులు కోసింది, పౌండ్ డాలర్‌తో పోలిస్తే ఎన్నడూ లేనంత పడింది, అక్టోబర్ 20న రాజీనామా ప్రకటించింది. తర్వాతి పోటీకి కనీసం 100 మంది ఎంపీల మద్దతు ఉండాలని షరతు పెట్టారు. జాన్సన్ తప్పుకున్నాడు, మరో పోటీదారు పెన్నీ మోర్డంట్ తప్పుకుంది, సునాక్ ఏకగ్రీవం. సభ్యుల దాకా ఓటింగే రాలేదు. ఎవరూ అభిప్రాయం అడగని సభ్యులు బతిమాలారని ఎలా రాస్తారు?

ఇక రంగు. అది ఎవరి మనసులోనూ లేదని నేను అనను. ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లను వెనకేసుకురావాల్సిన పని లేదు. కానీ "కేవలం రంగు" అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి: అదే పార్టీ సభ్యులు 2024 నవంబర్‌లో నైజీరియా తల్లిదండ్రుల బిడ్డ కెమి బేడనాక్‌ను పార్టీ నాయకురాలిగా, తెల్లవాడైన రాబర్ట్ జెన్రిక్ మీద 53,806-41,388 తేడాతో ఎందుకు గెలిపించారు? ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సునాక్ జనం ఓట్లు తేగల నాయకుడు కాదని 2022లో సభ్యులెవరైనా అనుకుని ఉంటే, ఆ అంచనా తప్పు కాలేదు. 2024 జులైలో ఆయన నాయకత్వంలో పార్టీకి వచ్చినవి 121 సీట్లు, దాని చరిత్రలోనే అతి తక్కువ. అందులో ట్రస్ చేసిన నష్టం ఎంతున్నా సరే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది చివరి ముక్క, మనకు ఓటు లేదన్నది. అబద్ధం. పచ్చి అబద్ధం. కామన్‌వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) దేశాల పౌరులు చట్టబద్ధంగా బ్రిటన్‌లో నివసిస్తుంటే పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. భారత్ కామన్‌వెల్త్ దేశమే. లెస్టర్‌లో స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న గుంటూరు అమ్మాయికి 18 ఏళ్లు నిండితే చాలు, ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. పోలింగ్ కేంద్రంలో గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చూపిస్తే సరిపోతుంది. అంతెందుకు, 2022లో కన్జర్వేటివ్ సభ్యత్వానికి బ్రిటిష్ పౌరసత్వం కూడా అడగలేదు. సకాలంలో చేరి ఉంటే సునాక్, ట్రస్‌లలో ఎవరు కావాలో చెప్పే హక్కు మనవాళ్లకూ ఉండేది. ఈ మెసేజ్ చదివి ఎంతమంది పిల్లలు పేరు నమోదు చేసుకోకుండా ఊరుకున్నారో ఆలోచిస్తే బాధగా ఉంది. పంపిన ప్రతి మిత్రుడికీ నా అభ్యర్థన ఒక్కటే: అదే గ్రూపులో, అదే జనానికి, ఈ ఓటు సంగతి ఇవాళే పంపండి.