అడయారు యుద్ధం: సవరణ

చెన్నైలోని మన తెలుగువారి కోసం అడయారు యుద్ధంపై ఇంతకుముందు వెలువడిన వ్యాసంలో, 1746లో ఫ్రెంచివారు అక్కడ ఇంగ్లీషువారిని ఓడించారని ఉంది. ఓడింది ఇంగ్లీషు సేన కాదు, ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ పంపిన సేన.

ఆ ఏడాది సెప్టెంబరులోనే మద్రాసులో ఇంగ్లీషువారి సెయింట్ జార్జి కోట ఫ్రెంచివారి వశమైంది. దాన్ని నవాబుకు అప్పగిస్తామని మాట ఇచ్చిన పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే ఆ మాట నిలబెట్టుకోకపోవడంతో, నవాబు తన కొడుకు మహఫూజ్ ఖాన్‌ను సుమారు పదివేల మందితో పంపాడు. శాంథోమ్‌కు దక్షిణాన, అడయారు నది ఉత్తరపు గట్టున ఫిరంగులు మోహరించి నిలిచిన ఆ సేనను, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి సేనాధికారి పారడీ సుమారు వెయ్యిమందితో ఎదుర్కొన్నాడు. వారిలో అధికులు ఫ్రెంచి పద్ధతిలో తర్ఫీదు పొందిన మన దేశపు సిపాయిలే; ఈ సంగతి ఎంత చెప్పినా తక్కువే. నీళ్లలో నడిచి నది దాటి, వరసగా తుపాకులు పేల్చి, బాయ్‌నెట్లతో మీదపడేసరికి నవాబు సేన చెదిరి శాంథోమ్ వీధుల్లోకి పరుగుతీసింది.

ఈ గెలుపుతో మద్రాసు శాశ్వతంగా ఫ్రెంచివారిదైందన్న వాక్యాన్నీ తొలగించాలి. ఇంగ్లీషు, ఫ్రెంచివారి మధ్య 1748లో కుదిరిన ఎక్స్-లా-షాపెల్ సంధి ప్రకారం 1749లో నగరం తిరిగి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. అన్వరుద్దీన్ అదే ఏడాది ఆంబూరు యుద్ధంలో మరణించాడు.