ఓనరుగారికి వచ్చిన కష్టం

ఫుట్‌బాల్ టీమును సాకే పెద్దమనుషుల కష్టం ఈ లోకానికి ఎప్పటికి అర్థమవుతుందో! మొన్న తిరుపతిలో ఒక లోకల్ టోర్నీ. మా వైపు టీముకున్న ఒకే ఒక్క స్ట్రైకర్, చిత్తూరు కుర్రాడు, ఈసారి వేరే టీముకు ఆడుతున్నాడు. పాత ఓనరుగారు మైకు పట్టుకుని గద్గద స్వరంతో అన్నారు: "వాడికి విశ్వాసం లేదబ్బా! నేను చేసిందంతా మరిచిపోయినాడు." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ తలలూపుడు చూసే నాకు ఒళ్లు మండింది.

చేసింది తక్కువేం కాదు. నిరుడు వేసిన ఫ్లెక్సీలో ఓనరుగారు నల్లకళ్లద్దాలతో, చంకలో పుచ్చకాయలా బంతి పెట్టుకుని నిలువెత్తున వెలిగారు. ఆటగాళ్లవి కింద పాస్‌పోర్టు ఫొటోలు. స్ట్రైకర్ మొహం మీదుగా ఫ్లెక్సీ కట్టిన తాడు పోయింది. చిత్తూరు నుంచి వచ్చిపోయే బస్సు ఛార్జీలు "సర్దుతాలే నైనా" అన్నారు, ఇంకా సర్దుతూనే ఉన్నారు. బూటు అడుగు ఊడితే అతనే ఫెవిక్విక్ పెట్టి అంటించుకున్నాడు.

ఇక ఆ ప్రారంభోత్సవం! మ్యాచ్ నాలుగింటికి, ఓనరుగారు వచ్చింది ఐదున్నరకి. రాగానే వార్డు నాయకుడికి శాలువా కప్పారు. వార్డు నాయకుడు తిరిగి ఓనరుగారికి కప్పాడు. తర్వాత ఓనరుగారి బావమరిదికి, ఆ తర్వాత ఫ్లెక్సీ ప్రింట్ చేసినాయనకి. ఆటగాళ్లు లైనులో నిలబడి ఒక కాలు మార్చి ఒక కాలు మీద బరువు మోస్తున్నారు. అప్పుడు ఓనరుగారు పంచె ఎగ్గట్టి తొలి కిక్కు కొట్టారు. బంతి కన్నా చెప్పు ఎక్కువ దూరం వెళ్లింది. గోల్‌కీపర్ లౌక్యం తెలిసినవాడు, బంతి ఇటు దొర్లుతుంటే అటు దూకాడు. గోల్! టపాసులు! ఇంతలో ఫొటో పడలేదని కెమెరామన్ చెప్పాడు. మళ్లీ కిక్కు, మళ్లీ గోల్‌కీపర్ అటే దూకుడు. అసలు ఆట మొదలయ్యేసరికి చీకటి పడి, ఒక్కో హాఫ్ ఇరవై నిమిషాలకు కోసేశారు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌కు తలుపంత అట్ట చెక్కు ఇచ్చారు. ఏ బ్యాంకూ తీసుకోదు గానీ, ఎండకు అడ్డం పెట్టుకోవచ్చు.

మన ఓనరుగారిని చిన్నచూపు చూడకండి, ఆయనది అంతర్జాతీయ సంప్రదాయం. 2005లో అమెరికా వాళ్లయిన గ్లేజర్ కుటుంబం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నది ఎక్కువగా అప్పుతో. ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్ నెత్తినే పెట్టింది. ఆ క్లబ్ వదిలి 2009లో వెళ్లి 2021లో తిరిగొచ్చిన స్టార్ ఆటగాడు రొనాల్డో, అక్కడ జిమ్ము, ఈతకొలను దగ్గర్నుంచి ఏమీ మారలేదని, ఓనర్లకు క్లబ్ పట్టదని 2022లో టీవీలో కుండబద్దలు కొట్టి బయటపడ్డాడు. అతని నోరు మంచిది కాదన్నారు, నిజమే కావచ్చు. కానీ 2024 మేలో ఆ క్లబ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు నుంచి వాన జలపాతంలా దూకింది గదా, అది రొనాల్డో నోరు కాదే! ఆ లెక్కన మన ఓనరుగారి షామియానాయే నయం, అద్దెది కాబట్టి కారదు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సంగతి చూడండి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో 3-1తో గెలిచి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ అయింది. మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే తిరుపతిలో మేమూ గొంతు చించుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి, 2023-24లో, అదే టీము 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి. ఆట మరిచిపోయారా? కాదు, జీతాలు రాలేదు. బకాయిల గొడవ ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా దాకా పోయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. సీజన్ మధ్యలోనే ఒక్కొక్కరూ పెట్టె సర్దుకున్నారు. మిగిలిన పిల్లలతో ఓడిపోతూ సీజన్ లాక్కొచ్చారు. చివరికి టీమే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలబెట్టిన కోచ్ రహీం సాబ్ ఊరండీ అది! ఆ టీములో ఆడిన తులసీదాస్ బలరాం పుట్టిన గడ్డ! సిగ్గుండాలి.

ఇంత జరిగాక కూడా "డబ్బు కోసం పోయినారు" అంటారా? అవును, డబ్బు కోసమే పోయారు. వాళ్ల డబ్బు, వాళ్లు ఆడి సంపాదించుకున్న డబ్బు! ఆ మాటకు తలలూపే పెద్దలారా, మీ ఆఫీసులో మూడు నెలలు జీతం లేకుండా పనిచేసి రండి, అప్పుడు విశ్వాసం గురించి మాట్లాడుకుందాం.