చచ్చినట్టు బతకాలె

కాజీపేటల మేం కిరాయికున్న ఇల్లు సాంబయ్య పెదనాయినది. మేము మీద, వాళ్లు కింద. ఆయిన లోకోషెడ్డుల ఫిట్టరుగ చేసి దిగిపోయి 14 ఏండ్లాయె, ఇప్పుడు 74. సరోజన పెద్దమ్మ వరంగల్ కొత్తవాడ బిడ్డ. మగ్గాల చప్పుడు నడుమ పుట్టి పెరిగింది కాబట్టి గొంతు కొద్దిగ పెద్దదే. వాళ్ల లొల్లి ఇనాల్నంటే చెవి పెట్టే పని లేదు, ఇనకుంట ఉండుడే కష్టం. నవంబర్ మొదటి వారంల ఒకనాడు, పొద్దున పదకొండు గొట్టంగ, అరుగు మీద జరిగింది జరిగినట్టు రాస్తున్న.

(పెద్దమ్మ చాటల చిక్కుడుకాయలు పోసుకొని నార తీస్తున్నది. పెదనాయిన గేటు తీసుకొని వచ్చి, చెప్పులు గూడ విడువకుంట అరుగు మీద కూలవడ్డడు.)

సరోజన: ఏమాయె? పనయిందా?

సాంబయ్య: నేను లేనట.

సరోజన: ఏడ?

సాంబయ్య: ఏడ గాదే, అసలుకే లేనట. ఆన్‌లైన్ దుకాణంల మిషన్ చెప్పింది. బొటనవేలు పెట్టిన, రాలే. చూపుడువేలు పెట్టిన, రాలే. పది వేళ్లూ అయిపోయినయి. "ఇగ ఎల్లుండి రా తాతా" అంటడు ఆ పిలగాడు.

సరోజన: 35 ఏండ్లు గ్రీజుల, కిరసనాయిల్ల ముంచిన చేతులాయె. గీతలుంటయా? ఉన్నదొక్క తలరాత, అది మిషన్ల పెట్టరాదాయె.

సాంబయ్య: నీకు నవ్వులాటగున్నదా? నెలాఖరుకు జీవన్ ప్రమాణ్, గదే బతికున్నట్టు సర్టిఫికెట్, పోకుంటే డిసెంబర్‌ల పింఛన్ ఆగుతది. వాని ఎదురుంగ కూసున్న, మాట్లాడిన, తిట్టిన గూడ. అయినా బతికున్నట్టు రుజువు గావాల్నట. రామప్ప గుడిని చూడు, 1213ల కట్టిండ్రు. యునెస్కోవాళ్లు 2021ల వచ్చి ఒక్కసారి గుర్తింపిచ్చిండ్రు, అయిపాయె. నన్ను మాత్రం ప్రతేడు అడుగుతరు.

సరోజన: రామప్ప గుడి నెలాఖరు రాంగనే బ్యాంకు మెసేజ్ చూసుకుంటదా?

సాంబయ్య: అది గాదే. అసలు మనిషికి చావే లేకుంటే గీ పంచాయితే ఉండకపోవు. బ్రహ్మ దగ్గర ఒక్కసారి రాయిచ్చుకుంటే సరిపోవు.

సరోజన: ఉండదా? వెయ్యేండ్లు బతికితే వెయ్యి నవంబర్లు. గవ్వే పది వేళ్లు పట్టుకొని వెయ్యిసార్లు గా పిలగాని దగ్గరికి పోవాలె. వాడు రిటైరయితడు, వాని మనుమడు రిటైరయితడు, నువ్వు మాత్రం లైన్ల నిలవడుతవు.

సాంబయ్య: నీకు లెక్క తెల్వది, ఇను. వచ్చే ఏడాది 75 పడతయి. దిగిపోయిననాడు ఒక్కసారే పైసలు తీసుకొని అమ్ముకున్న పింఛన్ ముక్క, గదే కమ్యుటేషన్, 15 ఏండ్లు నిండి మళ్ల పింఛన్ల కలుస్తది. 80కి బేసిక్ పింఛన్ మీద 20 శాతం ఎక్కువ. 85కు 30. 90కి 40. 95కు 50. నూరు నిండినయనుకో, బేసిక్‌కు బేసిక్, రెండింతలు! ఇన్ని మెట్లు కట్టిపెట్టి రమ్మంటుంటే నడుమల ఎవడన్న చస్తడా?

సరోజన: మరి నూరు దాటినంక?

సాంబయ్య: నూరు దాటినంక... (వేళ్లు మడిచిండు, తెరిచిండు) గదే.

సరోజన: 200కు?

సాంబయ్య: గదే.

సరోజన: వెయ్యికి?

సాంబయ్య: గదేనంటుంటే!

సరోజన: చూసినవా? పెండ్లినాడు అయ్యగారు శతమానం భవతి అని అక్షింతలేసిండు గని వెయ్యి అన్నడా? సర్కారు నూరు కాడ ఆగింది, అయ్యగారు నూరు కాడ ఆగిండు. నువ్వొక్కనివే దాటిపోతనంటున్నవు. ఇగ లెక్కనంటే నాకు గూడ వస్తది. నీది ఆఖరి జీతంల సగం. నువ్వు పోయినంక నాకొచ్చేది నూటికి 30. అంటే నువ్వుంటే రూపాయి, లేకుంటే 60 పైసలు. ఆ 40 పైసల కోసమే రోజు నీకు షుగర్ గోళి యాది చేస్తున్న.

సాంబయ్య: (చిన్నగ) 40 పైసలకేనా?

సరోజన: గురక తీసేస్తే ఇంకా తక్కువే పడతది.

(పెదనాయిన ఇప్పుడు చెప్పులు విడిచిండు. అంటే లొల్లి లంబా అయితదన్నట్టు.)

సాంబయ్య: ఫ్రాన్స్‌ల జీన్ కాల్మెంట్ అని ఒకామె ఉండె. 1875ల పుట్టి 1997ల పోయింది. 122 ఏండ్లు! ఆమెకు 90 ఏండ్లప్పుడు ఒక నోటరీ ఆయిన ఆమె ఇంటికి బేరం పెట్టుకున్నడు. ఆమె బతికినన్ని దినాలు నెలకు 2500 ఫ్రాంకులియ్యాలె, ఆమె పోయినంక ఇల్లు ఆయినది. 1965 సంగతి. ముసల్దానికి ఇంకెన్ని రోజులుంటయిలే అనుకున్నడు.

సరోజన: ఎప్పుడు పోయింది మరి?

సాంబయ్య: ముందుగాల ఆయిననే పోయిండు. 30 ఏండ్లు కట్టి కట్టి, 1995ల, 77 ఏండ్లకు. ఇంటి విలువకు రెండింతల కంటే ఎక్కువే కట్టిండట. ఇంట్ల మాత్రం కాలు పెట్టలే.

సరోజన: అయ్యో. పెండ్లాం ఉన్నదా ఆయినకు?

సాంబయ్య: ఉన్నది. ముసలామె పోయేదాక మిగిలినయి ఆమె కట్టింది.

సరోజన: (చేతుల చిక్కుడుకాయ చాటల కొట్టి) అదీ సంగతి! బతికేదెవలో బతుకుతరు, సచ్చేదెవలో సస్తరు, కిస్తులు మాత్రం పెండ్లాం కడతది.

(పెదనాయినకు ఇది తగిలింది. కథ చెప్పింది ఆయిన, గెలిచింది ఆమె. ఆ ఇంట్ల ఇది కొత్త గాదు. ఆయిన సైన్సును విడిచి పురాణాల మీదికి పోయిండు, అక్కడ పెద్దమ్మ ఇంకా గట్టిదని తెలిసి గూడ.)

సాంబయ్య: పొద్దుగాల లేస్తనే చదువుతగద. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. ఏడుగురు చిరంజీవులు. చావులేని బతుకు వరం గాకుంటే తెల్లారంగనే వాళ్లనెందుకు తలుసుకుంటం?

సరోజన: గా పట్టీల మొదటాయినకు అది వరమా, శాపమా?

సాంబయ్య: (గొంతు సవరించుకొని) శాపం. 3000 ఏండ్లు.

సరోజన: ఏం జేసిండని?

సాంబయ్య: నిద్రల ఉన్న పిల్లలను చంపిండు. కడుపుల ఉన్న పిండం మీద అస్త్రం ఏసిండు. చీము నెత్తురు కారుకుంట, పలుకరిచ్చేటోడు లేకుంట తిరుగుమన్నడు కృష్ణుడు.

సరోజన: అంటే కృష్ణునంతటోడు, చేతుల చక్రమున్నోడు, గంత పెద్ద తప్పుకు తల తియ్యకుంట గిది ఏరి పెట్టిండు. నువ్వేమో దాన్ని పింఛన్ల కలిపియ్యమంటున్నవు.

సాంబయ్య: మిగిలిన ఆరుగురు లేరా?

సరోజన: ఉన్నరు. హనుమంతుడు బ్రహ్మచారి. పరశురాముడు బ్రహ్మచారి. ఇంట్ల ఎవలు లేకుంటే ఎన్ని యుగాలైనా ఉండొచ్చు.

సాంబయ్య: విభీషణునికి సరమ ఉన్నది! బలి చక్రవర్తికి వింధ్యావళి ఉన్నది!

సరోజన: ఏడుగురి లెక్కల సరమ పేరున్నదా?

(పెదనాయిన పెదవులు కదిలినయి. శ్లోకం మొత్తం ఒకసారి లోపల తిప్పుకున్నడు. మెట్ల మీద నేను గూడ తిప్పుకున్న. లేదు.)

సరోజన: లంకల సీతమ్మకు ధైర్యం చెప్పింది సరమ. రాజ్యం ఆయినకొచ్చె, ఆయుష్షు ఆయినకొచ్చె. ఆమె ఏమైందో అడిగినోడు లేడు. అడిగినా వద్దనే అంటదనుకో. యుగాల తరబడి గా రాజుకు ఎసరు వెట్టుకుంట ఎవలుంటరు?

సాంబయ్య: మార్కండేయుడు! మన పద్మశాలోళ్ల మూలపురుషుడు. యముడు పాశం ఏస్తే శివలింగాన్ని కావలిచ్చుకున్నడు. మన రక్తంలనే ఉన్నదే అది.

సరోజన: ఆయిన ఏ వయసు కాడ ఆగిండు? 16. నిన్ను ఇప్పుడాపితే 74 కాడ ఆగుతవు. వెయ్యేండ్లు గవ్వే మోకాళ్లు. వెయ్యేండ్లు రాత్రి నాలుగుసార్లు లేసుడు, లైటేసుడు, నన్ను లేపుడు. గడ్డపెరుగు నమలరాదు, నీకు అమృతమెందుకు?

సాంబయ్య: పెరుగెవడన్న నములుతడా?

సరోజన: నువ్వు నములుతవు. అదే చెప్తున్న.

సాంబయ్య: (ఫోన్ తీసి, కండ్లద్దాలు నెత్తి మీదికెల్లి దించి) గ్రీన్‌లాండ్ సొరచేప. మంచు సముద్రంల ఉంటది. 2016ల లెక్క తీసిండ్రు. తక్కువల తక్కువ 270 ఏండ్లు బతుకుతది.

సరోజన: పిల్లలెప్పుడు?

సాంబయ్య: దానికి ఈడు రావాల్నంటేనే 150 ఏండ్లు పడతదట.

సరోజన: 150! (రెండు చేతులు జోడించి) నీకు దండం పెడత, గా చేప ముచ్చట శీనుగాని ముందట తియ్యకు. వానికి 36. సంబంధమంటే చాలు, "ఇంక టైమున్నదమ్మా" అంటడు. జమ్మికుంట చూసినం, హుజూరాబాద్ చూసినం, పరకాల చూసినం. సంబంధాలు తెచ్చే ఆయిన నా ఫోన్ ఎత్తుడు బంద్ జేసిండు. నేను 150 ఏండ్ల దాక వానికి ఫొటోలు చూపిచ్చుకుంట బతకాల్నా?

సాంబయ్య: జెల్లీఫిష్ ఒకటున్నది. ముసలిదైనా, దెబ్బ తగిలినా మళ్ల పిల్ల రూపానికి పోతది.

సరోజన: ఇగ చావనే చావదా?

సాంబయ్య: ముసలితనంతోని చావది. ఏదన్న చేప వచ్చి మింగితే చస్తది.

సరోజన: గంత తపస్సు చేసి ఇంకొకని పొట్టలకే పోయిందా!

(కొద్దిసేపు చిక్కుడుకాయల చప్పుడే. తర్వాత పెద్దమ్మ గొంతు తగ్గిచ్చింది. నేను రెండు మెట్లు దిగవలసొచ్చింది.)

సరోజన: మా నాయిన జంపఖానాలు నేస్తుండె, యాదికున్నదా? పడుగు అయిపోయినంక కోసి మగ్గం మీదికెల్లి దించుతుండె. కోసినంకనే అది జంపఖానా. కొయ్యకుంటే ఎంత నేసినా మగ్గం మీది నూలే. దాని మీద ఎవలు కూసోరు, ఎవలు పండరు.

(ఎంత మంచిగన్నదో అని నేను ఫోన్‌ల రాసుకోబోతున్న.)

సాంబయ్య: మీ నాయిన పెండ్లికి పెడతనన్న జంపఖానా ఇంకా మగ్గం మీదనే ఉన్నట్టున్నది. 48 ఏండ్లాయె.

సరోజన: పోయినాయినను అనొద్దు.

సాంబయ్య: అంటలేను, అడుగుతున్న. వరంగల్ జంపఖానాలకు 2018ల ఇవి ఈ ఊరియే అన్న జీఐ గుర్తింపు గూడ వచ్చింది. నాకు జంపఖానానే రాలే.

సరోజన: దాని కోసమా నువ్వు చావకుంట కూసున్నది?

సాంబయ్య: సరే, వెయ్యేండ్లు వద్దు. నీకంటే ఒక్కరోజు ముందుగాల పోత. చాలు.

సరోజన: మంచిగనే ఉన్నది! డెత్ సర్టిఫికెట్, పీపీవో అనే పింఛన్ ఆర్డరు, పాస్‌బుక్, జాయింట్ ఫొటో, గివన్ని ఒక్కరోజుల అయితయా? ఫారాలు నింపుడు నాది, ఒక్క నెల గూడ 60 పైసలు తినకుంట పోవుడు నాది!

సాంబయ్య: అయితే నువ్వే ముందు పో.

సరోజన: పోత. నీ షుగర్ గోళీలు ఏ డబ్బల ఉన్నయి?

సాంబయ్య: నీలం డబ్బ.

సరోజన: నీలం డబ్బల సూదులు, దారాలున్నయి.

సాంబయ్య: (చానసేపు చాట దిక్కే చూసి) అందుకే అంటున్ననే. ఇద్దరికి చావు లేకుంటే గీ డబ్బల పంచాయితి ఉండకపోవు.

(పెద్దమ్మ దీనికి మాట తిరగేయలే. నేను చూసిన కాడికి అదే మొదటిసారి. తలెత్తి మెట్ల దిక్కు చూసింది.)

సరోజన: ఓ బిడ్డా, అన్ని ఇన్నవుగద, ఇగ దిగి రా. ఫోన్‌ల ముఖం చూపిస్తే గూడ అయితదంటరు, చూడరాదు.

(దొరికిపోయిన. దిగి వచ్చి, యాప్ ఎక్కిచ్చి, ఆధార్ నెంబర్ కొట్టి ఫోన్ పెదనాయిన ముఖానికి పట్టిన. ఆయిన బనీను సర్దుకొని, ఛాతి పొంగిచ్చి, ఫొటో స్టూడియోల నిలవడ్డట్టు కండ్లు పెద్దగ తెరిచిండు.)

నేను: పెదనాయినా, కండ్లు ఆర్పుమంటున్నది.

సాంబయ్య: ఫొటోల కండ్లు మూసుకుంటే మంచిగుంటదా?

సరోజన: ఫొటో కండ్లు ఆర్పదు, బతికున్నోడే ఆర్పుతడు. అదే దాని పరీక్ష.

సాంబయ్య: ఆర్పుమంటే వస్తలేదే. ఎన్నడు చెప్పి ఆర్పలే.

సరోజన: బతికున్నట్టు చూపియ్యాల్నంటే చచ్చినట్టు ఆర్పాలె!

(పెదనాయినకు నవ్వాగలే. నవ్వంగ నవ్వంగ కండ్లు రెండు మూడుసార్లు వాటంతటవే మూసుకొని తెరుచుకున్నయి. ఫోన్‌కు అంతే గావాలె. అయిపోయిందని చూపిచ్చింది.)

సరోజన: ఎన్ని రోజులకు?

నేను: వచ్చే నవంబర్ దాక.

సాంబయ్య: ఏడాదేనా?

సరోజన: ఏడాది తక్కువనా? జరుగు, గీ చాటల సగం నీయి.

(పెదనాయిన ఒక చిక్కుడుకాయ తీసి, కొస తుంచి, నార గుంజిండు. సగంలనే తెగింది.)

సాంబయ్య: నీలం గాకుంటే ఏ డబ్బనే?

సరోజన: చెప్ప. నార తియ్యి.