యాత్రా పట్టిక గారికి కర్నూలు నుంచి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ ఎక్సెల్ పట్టిక గారి దివ్య సముఖమునకు,

కర్నూలు నుంచి తమ ఏలుబడిలోని మోటారుసైకిలు బృందంలో ఒకడు వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

హిమాలయాల్లోని జాతీయ ఉద్యానవనాలను ఒకే సెలవుల్లో మా చేత బండ్ల మీద చుట్టబెట్టించాలన్నది తమ సంకల్పం. గ్రేట్ హిమాలయన్, పిన్ వ్యాలీ, హెమిస్, పూల లోయ, తిరుగు దారిలో కార్బెట్ అంటూ ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు పూసి నిలబెట్టిన తమ నేర్పును కొండారెడ్డి బురుజు దగ్గర టీ అంగడిలో కూర్చుని మేము రోజూ కొనియాడుతూనే ఉన్నాము. గ్లౌజులకు, రెయిన్‌కోట్లకు, మందుల డబ్బాకు వేర్వేరు షీట్లు కట్టించారు. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోలు లేకపోయినా, టోలుకు సైతం ఉదారంగా ఒక గడి కేటాయించారు. పద్దులన్నీ కూడిన చోట మాత్రం గడి వెడల్పు చాలక, అంకెకు బదులు హ్యాష్ గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. ఆ గడిని వెడల్పు చేసి చూసే ధైర్యం మాలో ఎవరికీ లేదు గనుక దాని గురించి తమను తప్పుపట్టను.

నా ఫిర్యాదు వేరు. తమ దృష్టిలో ఏ కిలోమీటరైనా ఒక్కటే. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని, హైదరాబాదు, నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్ దాటుకుంటూ రోజుకు ఐదు వందల కిలోమీటర్లు లాగడం నడుము గట్టిగా ఉన్నవాడికి అసాధ్యమేమీ కాదు. ఆ లెక్కను అక్కడితో ఆపి ఉంటే తమ గౌరవం నిలిచేది. తమరు ఆ సూత్రాన్నే మౌసుతో కిందికంటా లాగి, మనాలీ నుంచి స్పితిలోని కాజాకు రమారమి 200 కిలోమీటర్లే గనుక నాలుగు గంటలు చాలునని, పొద్దున తీరిగ్గా పరోటాలు తిని బయలుదేరవచ్చునని శాసించారు. ఆ దారిలో గ్రాంఫూ దాటిన తరువాత బాతల్ వరకు ఉన్నదాన్ని రోడ్డు అనడం కేవలం మర్యాద కోసమే. బండి గుండ్రాళ్ల మీద ఎగురుతూ, అడ్డంగా పారే మంచునీటి వాగుల్లో దిగుతూ పోవాలి. తెల్లవారుజామున పాదాలను మాత్రమే తడిపే వాగు, ఎండెక్కి పైన మంచు కరిగేకొద్దీ, మధ్యాహ్నమయ్యేసరికి బండి ముందు చక్రాన్ని పక్కకు తోసేంత ఉరవడి అందుకుంటుంది. ఎరిగినవాళ్లు అందుకే చీకటి ఉండగానే బండి తీస్తారు. తమ లెక్క ప్రకారం మేము సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళకే ఒడ్డున నిలబడి బూట్లు విప్పుకుంటూ ఉంటాము.

అదీగాక, ఇన్ని గడులున్న తమ సంస్థానంలో ఎత్తుకు ఒక్క గడి లేదు. మా కర్నూలు సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. కాజా దారిలోని కుంజుం కనుమ 4,500 మీటర్లు దాటుతుంది. లేహ్ దారిలోని తంగ్‌లాంగ్ లా కనుమ 5,300 దాటుతుంది. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో ఇంచుమించు సగానికి పడిపోతుంది. కార్బురేటరు బండికి గాలి తక్కువై పెట్రోలు ఎక్కువై నల్లపొగ వస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి ఆ పాళ్లను సరిచేసుకుంటుంది గానీ పోయిన పికప్‌ను అది కూడా తిరిగి తేలేదు. ఇక పైన కూర్చున్న మనిషిని సరిచేసే ఇంజెక్షన్ లేదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, నడుమ నడుమ ఒక రోజు ఊరికే ఉండిపోవాలని వైద్యులు చెబుతారు. ఎవరో భయస్థుడు అట్లా ఒక రోజు చేరిస్తే, తమరు దానికి ఎర్రరంగు పూసి 'వృథా' అని నమోదు చేశారు.

అసలు పితలాటకం ఉద్యానవనాల దగ్గర ఉన్నది. ప్రతి పేరుకూ ఎదురుగా 'పార్కులో రైడ్' అని వ్రాసి కిలోమీటర్లు కూడా వేశారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గ్రేట్ హిమాలయన్‌లోకి మోటారు దారే లేదు. తీర్థన్ లోయలో గుషైని దగ్గర బండి దిగి, అనుమతి పత్రం పట్టుకుని నడవాలి. పిన్ వ్యాలీలో ముద్ గ్రామంతో దారి సరి. పూల లోయకు గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా వరకే చక్రాలు. ఆపైన ఘాంఘరియా దాకా ఎక్కి, మరునాడు లోయలోకి నడిచి, సాయంత్రానికల్లా బయటపడాలి. పైగా బడులు తెరిచేలోపు ముగించాలని తమరు జూన్ మొదటివారం ఖాయం చేశారు. లోయ జూన్ 1న తెరుస్తారు, నిజమే. పూలు విరగబూసేది మాత్రం జులై, ఆగస్టుల్లో. ఆ నెలల్లోనే బదరీనాథ్ దారి మీద కొండచరియలు విరిగిపడతాయి. ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోవలసిన గడి తమలో నాకు కనబడలేదు. ఇక కార్బెట్ సంగతి. 1936లో హేలీ పేరుతో ఏర్పడిన, దేశంలోకెల్లా మొదటి జాతీయ ఉద్యానవనం అది. అక్కడ రిజిస్టరైన సఫారీ వాహనాల్లో వెళ్లవలసిందే. ద్విచక్ర వాహనాన్ని పంపడమంటే పులికి విస్తరి వేసి వడ్డించడమే అవుతుంది.

అంటే ఈ యాత్ర పొడుగునా బండ్లు గేట్ల బయట ఎండకు ఎండుతుంటే, మేము చీలమండలకు ప్లాస్టిక్ కవచాలున్న రైడింగ్ బూట్లతో పర్వతాలు ఎక్కుతామన్నమాట. నడకకు తగిన మామూలు బూట్లు తమ సామాను షీట్లలో ఎక్కడా లేవు, వెతికి చూశాను.

అడవికి తలుపులు, వేళలు ఉంటాయని తెలియడానికి హిమాచల్ దాకా పోనక్కరలేదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను ఆపేస్తారు, నల్లమలలో పులులు తిరుగుతాయి గనుక. మా మెకానిక్ "ముందు ఆత్మకూరు మీద శ్రీశైలం పోయి రాండి సార్, చైను సంగతి, మీ నడుం సంగతి రెండూ తెలుస్తాయి" అన్నాడు. ఆ మాట తమ ఆస్థానంలో నమోదు కాలేదు. అతడు కొత్త క్లచ్ కేబులును పాతదాని వెంబడే ట్యాంకు కింది నుంచి లాగి, కొసలను టేపుతో చుట్టి ఉంచాడు; దారిలో పాతది తెగితే కొసలు మార్చుకుంటే సరిపోతుంది. తమ స్పేర్ల షీటులో ఆ కేబులు ఇప్పటికీ సంచిలోనే ఉన్నది.

కావున తమరు దయచేసి ఎత్తుకు ఒక గడి, నడకకు ఒక షీటు ఇప్పించి, టోలు డబ్బును ఆ ఎర్రరంగు రోజు బసకు మళ్లించ ప్రార్థన. ప్రత్యుత్తరాన్ని 'సెలవు మంజూరు అయిందా' అనే గడిలో వ్రాయించగలరు. అందులో ఇంతవరకు మా బృందంలో ఎవరూ ఏమీ వ్రాయలేదు గనుక చోటు బాగానే ఉన్నది.

ఇట్లు,
తమ విధేయుడు,
కర్నూలు.