క్యాను గారి సత్యప్రమాణం

పిల్లలు ఎందుకు పుట్టలేదో తేల్చడంలో మన తిరుపతి మేనత్తలను మించిన శాస్త్రవేత్తలు లేరు. పెళ్లయి రెండేళ్లు దాటిన ఇంటికి సరిగ్గా కాఫీ టైముకి దిగుతారు. "ఏం కోడలా, విశేషమేమన్నా ఉండాదా?" అంటారు. జవాబు వినకముందే కారణం చెప్పేస్తారు. కోడలు ఉద్యోగం చేస్తోంది, అందుకు. సన్నంగా ఉంది, అందుకు. ఈమధ్య కాస్త ఒళ్లు చేసింది, అందుకే. నాగదోషమైతే మరీ సుఖం, శ్రీకాళహస్తి పక్కనే.

ఈ పరిశోధన జరిగినంతసేపూ గది మూలన స్టాండు మీద ఇరవై లీటర్ల నీళ్ల క్యాను బుద్ధిగా కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ అనుమానించరు. ఎలా అనుమానిస్తారు, అది 'మినరల్' వాటరాయె! ఒళ్లంతా గీతలు పడి, మసకబారి, మే నెల ఎండలో ట్రాలీ ఆటో మీద వీధులన్నీ ఊరేగి, కొట్టు ముందు సాయంత్రం దాకా కాగి వచ్చిన పెద్దమనిషి. ఇలాంటి గట్టి క్యాన్లు చాలావరకు పాలికార్బొనేటువి. ఆ ప్లాస్టిక్‌ను మామూలుగా బిస్‌ఫినాల్-ఎ, అదే బీపీఏతో చేస్తారు. వేడి తగిలేకొద్దీ, వాడి వాడి అరిగేకొద్దీ అది కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. ఈ బీపీఏ ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ వేషం కట్టగలదని లండన్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త 1936లోనే చూపించాడు. అంటే ముందు హార్మోనుగా పరీక్షకెళ్లింది, ఆ తర్వాతే ప్లాస్టిక్‌గా వంటింట్లోకొచ్చింది. తెలియక జరిగిందని మాత్రం ఎవరూ అనకండి.

కాబట్టి నాదో మనవి. నిజం నిగ్గు తేల్చడానికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకి కాణిపాకం ఉంది కదా. కోనేట్లో మునిగి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే ఎంతటి తగాదా అయినా తెగుతుంది. క్యాను గారిని అక్కడికి తీసుకుపోదాం, బస్సు చార్జీ నాది. మొదటి చిక్కు కోనేటి దగ్గరే వస్తుంది. క్యాను మునగదు. నలుగురు పట్టి నొక్కినా బుడుంగుమని పైకి లేస్తుంది. మునగందే ప్రమాణం చెల్లదని పెద్దలు పట్టుబడతారు. సరే, నీళ్లు నింపి ముంచి, తడిబట్ట కప్పి, సన్నిధిలో నిలబెడతాం. "నీ నుంచి బీపీఏ దిగుతోందా?" "ఎండలో పెట్టింది నేనా సామీ? ఆటో ఆయన్ని అడగండి." ఆటో ఆయన ప్లాంటు వాడిని చూపిస్తాడు, ప్లాంటు వాడు క్యాను చేసిన కంపెనీని. కంపెనీ రాదు, సాక్షిగా ఒక పాలసీసాను పంపిస్తుంది. దాని మీద స్టిక్కరు: 'బీపీఏ ఫ్రీ'. "మరి దాని బదులు ఏం కలిపారమ్మా?" సీసా నేలచూపులు చూస్తుంది. కొన్నిటిలో కలిపేది బీపీఎస్, వరసకు తమ్ముడు. ఆ వేషం వాడికీ వచ్చు. "తమ్ముడి సంగతి నన్నెవరూ అడగలేదు" అంటుంది సీసా. నిజమే, అడగలేదు. ప్రమాణం చెల్లింది, అందరూ నిర్దోషులే. తిరుగు బస్సులో క్యానుకి కిటికీ పక్క సీటు.

క్యాను ఒక్కటే దొంగని నేననను. మెత్తటి పీవీసీ సామాన్లలో, సెంట్లలో థాలేట్లనే రసాయనాలు ఉంటాయి. మగబిడ్డ మగబిడ్డగా రూపు దిద్దుకునేది తల్లి కడుపులో సుమారు 8 నుంచి 14 వారాల మధ్య. ఆ దశలో కొన్ని థాలేట్లు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కి అడ్డుపడితే వృషణాలు కిందికి దిగకపోవడం ఎలుకల్లో మళ్లీ మళ్లీ కనబడింది. పాశ్చాత్య దేశాల మగవాళ్లలో 1973 నుంచి 2011 మధ్య వీర్యకణాల సాంద్రత సగానికి పైగా పడిపోయిందని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తేల్చారు. పొగతాగడం, ఊబకాయం లాంటి కారణాలూ ఉండొచ్చు. అనుమానితుల వరసలో ఈ రసాయనాలూ ఉన్నాయి.

అంటే కొడుకు లోపానికి మూలం ఎప్పుడో అత్తగారి కడుపులోనే పడి ఉండొచ్చు. "అయితే తప్పు అత్తదా?" అని అప్పుడే లేవకండి. ఆమెకి ఎవరైనా చెప్పి తాగించారా? 1938లో తయారైన డీఈఎస్ అనే కృత్రిమ హార్మోన్ను గర్భం నిలబడుతుందని అమెరికాలో గర్భిణులకే రాసిచ్చారు. వాళ్ల ఆడపిల్లల్లో అరుదైన క్యాన్సర్ 1971లో బయటపడింది. అక్కడా మింగింది తల్లి, అనుభవించింది కూతురు, అమ్ముకున్నవాడు మాత్రం బాగున్నాడు. చేసినవాడిని వదిలేసి, అమ్మినవాడిని వదిలేసి, చూడాల్సిన అధికారిని వదిలేసి, తిరిగి తిరిగి ఆడదాని కడుపు దగ్గరికే వస్తారేం? సిగ్గు లేదా?

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపూ లోపం ఉంటుంది. అయినా స్కానింగులు కోడలికి, ట్యూబుల పరీక్ష కోడలికి, సూదులు కోడలికి, తిరుమల మోకాళ్ల మెట్టూ కోడలికే. అబ్బోడు చేయాల్సిందల్లా రెండు మూడు రోజులు ఓపిక పట్టి, ల్యాబుకెళ్లి, చిన్న డబ్బాలో నమూనా ఇచ్చి రావడం. సూది లేదు, కోత లేదు.

అబ్బోడికి ఆఫీసులో సెలవు దొరకడం లేదంట.